దింపుడుకళ్ళానికి టికెట్టు

పానకాలు ఉన్నాడు చూడు, గుండ్లమెట్ట పానకాలు, ఊరికి పెదకాపు, ఆయన మాటంటే ఇక మాటే. తగువొచ్చినా ఆయనే, పెళ్ళి కుదరాలన్నా ఆయనే. ఆయన పెళ్ళాం తిరపతమ్మ. పిల్లల్లేరు వాళ్ళకి, ఇద్దరే ఇద్దరు. ఆయన ఊరంతటి మీదా కేకలేసేవాడు గానీ ఇంటికొచ్చాడంటే గడపలో నిలబడి 'తిరపతా' అని ఒక్క పిలుపంట, ఆవిడ దొడ్లో ఉన్నా పొయ్యికాడ ఉన్నా 'ఆఁ, వస్తన్నా' అనేదంట. ఆ పలుకు వినందే చెప్పులు కూడా విడిచేవాడు కాదంట. అదీ వాళ్ళ కాపరం. ఇక ఊరి సంగతి. ఊరి పక్కన మెట్ట మీద ఏమీ పండని గులకనేల ఉండేది గదా, అక్కడికి నీళ్ళ పార్కు వచ్చింది. నవ్వకండి, నిజం. తాగేనీళ్ళకి ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని చూసే ఊరి పక్కన నీళ్ళ పార్కు. అలలంట, మేడంత ఎత్తు నించి గొట్టాల్లో పడి జారడమంట. మొదట్లో టికెట్టు సినిమా టికెట్టంత ఉండేది. గుండ్లమెట్టోళ్ళకి అదీ లేదు, ఊరికే పోనిచ్చేవాళ్ళు. ముసలోళ్ళు కూడా పంచె ఎగ్గట్టి దిగారంట.

ఆ తర్వాత ఏమైందంటే, జనం పెరిగారు. గుంటూరు నించి, బెజవాడ నించి, ఒంగోలు నించి బస్సులకి బస్సులు. ఇసకేస్తే రాలదు. లైన్లు ఎట్టా ఉండేవంటే, పొద్దున్నే నిలబడ్డ పిల్ల తన వంతు వచ్చేసరికి వాళ్ళ నాయన భుజం మీద నిద్రపోయేదంట. ఓనరేం చేశాడు, జనం తగ్గాలని రేటు పెంచాడు. మామూలు రోజు ఒక రేటు, ఆదివారం ఇంకో రేటు, పండగైతే రెండింతలు. సంతలో వంకాయ వడిలితే ధర దిగిద్ది, అక్కడ మనిషి వడిలేకొద్దీ ధర ఎక్కుద్ది అనుకో. మరి జనం తగ్గారా? తగ్గలా. అంత రేటు పెట్టాడంటే లోపల ఏదో ఉండే ఉంటదని ఇంకా ఎగబడ్డారంట. ఇక లాభం లేదు, చోటే పెంచాలన్నాడు ఓనరు. పెంచాలంటే పక్కనేముంది? వల్లకాడికి పోయే దారి. ఆ దారి మధ్యలో దింపుడుకళ్ళం. మీకు తెలియందేముంది, పాడె మోసుకుపోతా సగం దారిలో దింపి, అయినవాళ్ళు చెవికాడికి వంగి పేరుపెట్టి మూడుసార్లు పిలుస్తారు గదా, ప్రాణం ఏ కొసనన్నా ఉంటే పలుకుద్దని. పలికినోళ్ళున్నారా అంటే, మా అమ్మమ్మ ఒకాయన లేచి కూర్చున్నాడని చెప్పేది, నేను చూళ్ళేదు. పలక్కపోయినా పిలవాలి. పిలిచి, పలక్కపోతే, అప్పుడు గదా పిలిచినోడికి మనిషి లేదని నమ్మకం కుదిరేది. అప్పటిదాకా ఎవరేం చెప్పినా నమ్మడు.

మేనేజరు ఊళ్ళోకి వచ్చి, ఆ దారి మాకివ్వండి, చుట్టూ తిప్పి సిమెంటు రోడ్డేయిస్తాం, మీ ఊరోళ్ళందరికీ జన్మంతా ఉచితం అన్నాడంట. పానకాలు సరేనన్నాడు. అప్పుడు వెంగమ్మని ఒక ముసలావిడ, ఆయనకి వరసకి అత్త, లేచి, దారి ఇస్తన్నావు సరే, కళ్ళం ఏడ పెడతావురా పానకాలూ అనడిగింది. "అదేమన్నా పట్టా భూమా అత్తా? కొత్త రోడ్డు మీద ఏడ దింపితే అదే కళ్ళం." "మా మామని ఆడనే పిలిచారు, మీ మామనీ ఆడనే పిలిచారు. ఆ నేలకి మన పేర్లు తెలుసురా." "నేలకి చెవులుంటయ్యా అత్తా!" అని నవ్వాడంట. ఊరంతా నవ్వారు. పిల్లలకి జారుడుబల్ల కావాలి మరి. తిరపతమ్మ ఒక్కతే నవ్వలేదంట, కొంగు సర్దుకుని ఇంటికి పోయిందంట. అంతే, గోడ లేచింది. అన్నిటికంటే పెద్ద గొట్టం అక్కడే కట్టారు. దానికి లైను పాములాగా మెలికలు తిరిగిద్ది గదా, ఒక మెలిక సరిగ్గా కళ్ళం మీద పడింది. పక్కనే స్తంభం, దానికి మైకు. ఇక జన్మంతా ఉచితం అన్నారే, అది మొదట పండగరోజు చెల్లదన్నారు. తర్వాత ఆదివారం చెల్లదన్నారు. తర్వాత అడిగితే ఏ ఉచితం అన్నారు.

వేసవి సెలవుల్లో తిరపతమ్మకి జ్వరం తగిలింది. గుంటూరు తీసుకుపోదామని ఆటో పిలిపించే లోపలే పోయింది. ఆదివారం. పాడె లేచింది, పానకాలే నిప్పుకుండ పట్టుకున్నాడు, కొడుకుల్లేరు గదా. కొత్త రోడ్డెక్కి పార్కు గేటు దగ్గరికి వచ్చేసరికి అడుగు కదల్లేదు. ఏమైందంటే, లోపల చోటు పెంచారు గానీ బళ్ళు పెట్టే చోటు పెంచలా. కార్లన్నీ ఆ సిమెంటు రోడ్డు మీదే, ఇటొక వరస అటొక వరస. పాడె వెనకాల ఎవరో హారను కొడతన్నాడంట, వినండి, పాడె వెనకాల హారను. మోసేవాళ్ళకి భుజాలు లాగుతున్నయ్. ఇక్కడే దింపుదాం పెదకాపూ, ఏడ దింపితే అదే కళ్ళమన్నావుగా అన్నాడంట ఒకడు. ఎత్తిపొడుపు కాదు, ఆయన మాటే ఆయనకి చెప్పాడు. పానకాలు చూశాడు. కార్ల మధ్యన మనిషిని పడుకోబెట్టే చోటు లేదు. నిప్పుకుండ పక్కోడి చేతికిచ్చి గేటుకాడికి పోయాడు.

బాబూ, ఒక్క నిమిషం లోపలికి రానియ్యి, మా ఆవిడని దింపి పిలుచుకుని పోతాను అన్నాడంట. మేనేజరు చెడ్డోడేం కాదు, పాడె చూసి చేతులు కట్టుకున్నాడు. "పెద్దాయనా, లోపల ఎట్టా ఉందో చూడు. పసిపిల్లలున్నారు. పాడె చూసి బెదిరి పరిగెత్తారంటే తొక్కుకు చస్తారు." "టికెట్టు కొంటానయ్యా. మోసే నలుగురికీ కొంటా, నాకూ కొంటా." "టికెట్టు కోసం కాదు పెద్దాయనా..." "ఆవిడకి కూడా కొంటా" అన్నాడంట. ఇక ఆ మాటకి మేనేజరు మొహం తిప్పుకున్నాడంట. మైకులో తప్పిపోయినోళ్ళని పిలిచే అమ్మాయి రాహేలు, గుండ్లమెట్ట కోడలే, గేటు పక్క గదిలో ఉంటది. అది బయటికొచ్చి, సారూ, మైకు కళ్ళం మీదే ఉంది, పేరు నేను పిలుస్తా, పాడె లోపలికి రానక్కర్లా అంది. మేనేజరు సరేనన్నాడు. "పిలవనా పెద్దయ్యా?" అంటే పానకాలు తలూపాడు. అందరూ తలగుడ్డలు తీశారంట. 'తిరపతమ్మ గారూ' అంది మైకులో. 'తిరపతమ్మ గారూ, తిరపతమ్మ గారూ' అంది. అక్కడితో ఆగాలి. కానీ రోజుకి ఎందర్నో పిలిచే నోరు గదా, ఆగలా. 'ఎక్కడున్నా వెంటనే గేటు దగ్గరికి రావాలి, మీవాళ్ళు మీకోసం ఎదురుచూస్తన్నారు' అనేసింది. అని, రెండు చేతులతో నోరు మూసుకుంది.

పానకాలు పాడె వంక చూళ్ళేదంట. గేటు వంక చూశాడంట. ఎవరన్నా అంతే చేస్తారు, రమ్మన్నాక. అప్పుడు లోపలి నించి, జనాన్ని తోసుకుంటా, తడిచీరతో ఒకావిడ పరిగెత్తుకొచ్చింది. "ఆఁ, వస్తన్నా, వస్తన్నా! నేనేనండీ తిరపతమ్మని. ఎవరు పిలిచింది?" ఏ ఊరావిడో, ఆ పేరున్నోళ్ళు మన వైపు తక్కువా? పానకాలు కాళ్ళు రెండడుగులు ముందుకి పడ్డయ్యంట. మోసేవాళ్ళు చెప్పారు, ఆ రెండడుగుల్లో ఆయన మొహం చూడలేకపోయామని. ఆవిడ పాడె చూసింది, పసుపూ కుంకమా చూసింది, సంగతి తెలిసింది. చచ్చినోళ్ళని పిలిస్తే పలికాను గదా అని గేటు ఊచ పట్టుకుంది. అయ్యా, నేను తెలియక పలికాను, నాకు చంటిపిల్లలున్నారు అంటా ఏడుపు లంకించుకుంది. పానకాలు అప్పటికి మనుషుల్లో పడ్డాడు. "నిన్ను కాదు తల్లీ. నిన్నెవరూ పిలవలా. ఇది నా ఇల్లాలు, పుణ్యస్త్రీగా పోయింది. ఇదిగో, దీని చేతి బొట్టనుకుని పెట్టుకో, నీకేం కాదు" అని పాడె మీద కుంకం తీసి దోసిట్లో పోశాడు. ఆ తడిచేతుల్లో అది ఎర్రగా కారిపోతంటే, ఆవిడ నుదుట అద్దుకుని, పాడెకి దణ్ణం పెట్టి, వెనక్కి చూడకుండా పిల్లల దగ్గరికి పోయిందంట. మీరన్నా పిలవండి పెదకాపూ అన్నారు మోసేవాళ్ళు. మూడు పిలుపులూ అయిపోయినయ్, నాలుగోది లేదు, నడవండి అన్నాడు. కార్లు తప్పించుకుంటా వల్లకాడికి పోయారు. పదకొండో రోజు అయ్యాక కూడా ఆయన చెప్పులు గడపలో విడవటంలా, వేసుకునే ఇంట్లోకి పోతన్నాడు అని చెప్పుకున్నారు జనం.

వానలు పడ్డాక వెంగమ్మ పోయింది. పాడె కడతంటే పానకాలు కనబడలా. పెదకాపు లేకుండా ఎట్టా అని అటూ ఇటూ చూస్తన్నారు. ఏడున్నాడంటే, పార్కులో ఉన్నాడు. డబ్బులిచ్చి టికెట్టు కొనుక్కుని, పంచె కట్టుకుని, చొక్కాల్లేని పిల్లకాయల మధ్యన ఆ పెద్ద గొట్టం లైన్లో నిలబడ్డాడంట. లైను నెమ్మదిగా జరిగిద్ది గదా. మెలిక దగ్గరికి వచ్చాడు. గోడ అవతల డప్పు ఆగింది, పాడె దింపారన్నమాట. ఈయన కిందికి వంగి, సిమెంటుకి నోరు ఆనించినంత పనిచేసి, 'వెంగమ్మత్తా' అని మూడుసార్లు పిలిచాడంట. లేచి, లైన్లోంచి బయటికొచ్చి, జారకుండానే ఇంటికొచ్చాడు. వెనకాల నిలబడ్డోళ్ళు, పాపం ముసలాయన చిల్లర పడేసుకున్నట్టున్నాడు అనుకున్నారంట.

అప్పట్నించీ అంతే. గుండ్లమెట్టలో ఎవరు పోయినా, ఏ కులపోళ్ళయినా, అయినవాళ్ళు గోడ ఇవతల చెవిలో పిలుస్తారు, పానకాలు గోడ అవతల నేలకి వంగి పిలుస్తాడు. చోటు తిరిగి ఇచ్చారా అని అడక్కండి. ఇవ్వలా. పైగా రేటు మళ్ళీ పెంచారు. మా ముసలోళ్ళంతా ఇప్పుడు దేవుణ్ణి ఒక్కటే అడుగుతన్నారు, సామీ, పండగనాడూ ఆదివారంనాడూ తీసుకుపోబాకు, పానకాలుకి రెండింతలు పడిద్ది అని. మరి పానకాలు పోతే టికెట్టు ఎవరు కొంటారు అంటే, అది మేమూ అడగం, ఆయనా చెప్పడు. ఇంతవరకే నాకు తెలుసు, మిగతాది ఆయన పోయినాక అడగండి.