అద్దాల ఫారం హౌసు ఎనకాల రూము

"తాతా, నాగల్‌గిద్ద తొవ్వల గా అద్దాల ఫారం హౌసు నువ్వే కట్టినవట గద?"

కట్టిన బిడ్డా, కట్టిన. ఇష్టం లేకుంట కట్టిన. దాని ఎనకాల వాచ్‌మన్ రూముంది సూడు, గది ఇష్టంతోని కట్టిన. ఎవలన్న అడిగితె గా రూము పేరే జెప్పు.

ఏందంటె, పట్నం డాక్టర్ సాబ్ ఒకాయన ఈడ జాగ కొన్నడు. సెలవులొస్తె పిల్లజెల్లతోని వచ్చి ఆరాంగ పండాలె, గంతే ఆయన ముచ్చట. మంచోడే. ఆయన బామ్మర్ది ఇంజినీరు, కాయితం పట్టుకొని దిగిండు. పడమటి దిక్కు గోడే లేదు, నిలువెత్తు అద్దం! "పొద్దు గూకుడు కనవడాలె మేస్త్రీ" అన్నడు. "సారూ, గా పొద్దు గూకేదాంక మనిషి బతకాలె గద? మాదిక్కు పడమటికి కిటికీ గూడ పెట్టం" అన్న. నవ్విండు. కూలోళ్లందరి ముంగట, మీ చిన్నత్త ముంగట... గాదు గాదు, పెద్దత్త, ఆమెనే గారోజు సద్ది తెచ్చింది... "ముసలోనికి కొత్తవి సమజ్ కావు" అన్నడు. నలభై ఏండ్ల పనితనం బిడ్డా! సిగ్గుతోని సద్ది మూట ఇప్పలె నేను.

ఇగ వాచ్‌మన్ రూముకైతె కాయితమే లేదు. "నీకు తోచినట్టు కట్టు" అన్నరు. సూస్కోండ్రి మరి అనుకున్న. మా మామ, అంటె మీ నాయినమ్మ తండ్రి, ఆయన నేర్పినట్టే కట్టిన. మందంగ రాతి గోడ, పైన దూలాలేసి ఎండ దిగకుంట మందంగ చౌడు మన్ను, తూర్పుకు తలుపు.

ఎండకాలం సెలవులకు పదిమంది దిగిండ్రు. మిట్ట మధ్యాహ్నం కరెంటు వోయింది. అద్దాలిల్లు ఇటుక బట్టీ లెక్కయింది. సాబ్ తల్లి, పెద్దమనిషి, గామెనే మొదలు లేచింది. చాప సంకల వెట్టుకొని సక్కగ వాచ్‌మన్ రూముల వోయి పండింది. ఎనక కోడలు, ఎనక పిల్లలు, ఆఖరికి సాబ్. వాచ్‌మన్ పెండ్లాం నాకు ఫోన్ జేసి ఒకటే పరేషాన్, "మామా, మాకే కాలువెట్ట జాగ లేదు!"

జల్దీ ఉర్కిన. పొయ్యి సూస్తె తలుపు తాననే, అంగీ ఇప్పి, నోరు తెరిచి, గురక వెట్టుకుంట ఎవలు పండిండ్రనుకున్నవ్? గా ఇంజినీరే! లేపి "సమజయిందా సారూ" అని అడుగుదామని నాలిక మీదికొచ్చింది, నీకు అబద్ధం జెప్ప. గని లేపలె. పండుటానికే గద నేను కట్టింది!

సాబ్ బైటికొచ్చిండు. "మేస్త్రీ, మాకు గూడ గిసొంటిదే ఇంకోటి కట్టు, పెద్దగ" అన్నడు. మాటల సప్పుడుకు ఇంజినీరు లేచిండు. గోడ దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు. "మందం ఎంత వెట్టినవ్?" అన్నడు, నిమ్మళంగ. "రెండు మూరలు" అన్న. "మూరంటె ఎంత?" అన్నడు. నా చెయ్యి సాపిన. గాయన ప్యాంటు జేబుల టేపు దీసి, మోచెయ్యి కాడికెల్లి నడిమేలు దాంక నా చెయ్యి కొలిచి కాయితం మీద రాసుకున్నడు బిడ్డా! కూలోళ్లు గూడ ఉండి సూస్తె ఎంత బాగుండు...

సరె, పో, ఎండ వడ్తుంది. నువ్వు గూడ మంచిగ ఇల్లు గట్టుకో, పగటాల్ల కన్ను మూస్తె హాయిగ నిద్రవట్టాలె. సల్లగ బతుకు బిడ్డా.