వెనక్కి నడిచే చోటు

రోడ్డు విస్తరణలో స్థలాలు పోయినవాళ్ల గోడు వినే గది. బల్లకి అవతల అధికారి, ఇవతల తాళ్లు పేనే మొగుడూ పెళ్లాలు. ఆయన నోట్లోంచి మాట రావడం గగనం కాబట్టి, ఎప్పటిలాగే ఆవిడే అందుకుంది.

"ఖాళీ స్థలం అంటారేంటండీ? అది మా పనిచోటు."

"ఫైల్లో అలాగే ఉందమ్మా. ఇల్లూ, దొడ్డి మొదట్లో ఉన్న షెడ్డూ ముట్టుకోలేదు. వెనక రోడ్డు వైపు ఖాళీగా పడి ఉన్న సగమే తీసుకున్నారు. మీరు అదృష్టవంతులు. పక్కింటిని అడ్డంగా కోసేశారు."

"ఇల్లు తీసుకుని ఆ దొడ్డి వదిలేసినా బాగుండేది. ఎక్కడో ఒకచోట తల దాచుకునేవాళ్లం."

"అదేం మాట?"

"తాడు ఎలా పేనుతారో మీకు తెలుసా అండీ?"

"నాకెలా తెలుస్తుంది?"

"షెడ్డులో నేను చక్రం తిప్పుతాను. ఈయన నడుముకి నార చుట్టుకుని, వేళ్లతో వదులుతూ వెనక్కి నడుస్తారు. ఎంత దూరం నడిస్తే అంత పొడుగు పురి. మూడు పురులు కలిపి మెలేస్తే ఆ పొడుగు మళ్లీ తగ్గిపోతుంది. ఇప్పుడు సగం దూరంలో మీ హద్దు గోడ లేచింది. మొన్న ఈయన అలవాటుగా నడుస్తూ నడుస్తూ వెళ్లి..."

"ఆ సంగతి ఇప్పుడెందుకే?"

"ఎందుకంటే? వీపు కొట్టుకుపోయింది కాబట్టి."

"పోనీ, పొట్టి తాళ్లు పేనుకోండి."

"మా తాళ్లు రేవులో పడవలకి వెళ్తాయండీ. పొట్టివి వాళ్లేం చేసుకుంటారు?"

"రెండు కలిపి ముడేస్తే?"

"ముడి కప్పీలో ఇరుక్కుంటుంది. ఏమండీ, మీరు చెప్పరేం?"

"చెప్తున్నావుగా."

"వేరే చోటు చూసుకోవచ్చుగా? పరిహారం వస్తోంది కదా."

"ఖాళీ స్థలానికి మీరిచ్చే డబ్బుతో అంత పొడుగు చోటు ఎవరిస్తారండీ? అది పనిచోటని రాయండి, చాలు. మేం ధర్మం అడగడం లేదు."

"రాస్తే మీకు లెక్క వేరే ఉంటుంది, కాదనను. పోయిన పనికి కూడా కట్టిస్తారు. కానీ కొలతలకి వచ్చిన సర్వేయరుకి అక్కడ ఏమీ కనపడలేదు. నార లేదు, కొయ్యలు లేవు, తాడు ముక్క కూడా లేదు."

"ఊడ్చామండీ."

"ఏంటి?"

"సారు వస్తున్నారని కబురొస్తే పొద్దున్నే లేచి ఊడ్చి నీళ్లు చల్లాం. నారంతా లోపల సర్దేశాం. కాలికి తగులుతాయని తాడు ఆనించే కొయ్యలు కూడా పీకేశాం. పెద్దమనిషి వస్తే చెత్తలో నిలబెడతామా?"

"ఎంత పని చేశారమ్మా."

"ఇప్పుడు రండి. మీ కళ్ల ముందే పేని చూపిస్తాం."

"ఎక్కడ పేనుతారు?"

"మా దొడ్లో..."

"గోడ లేచిందన్నారుగా."

"అవునండీ. చూపించాలన్నా ఆ చోటే కావాలి. నాకేం తోచడం లేదు. మీరే ఏదో ఒక దారి చెప్పండి."

"ఒక్కటుంది. హద్దు వేసిన రోజు మీరు అడ్డం తిరిగారా? తిరిగితే అది మీరు ఒప్పుకున్న హద్దు కాదు. ఆ ముక్క పట్టుకుని నేను మళ్లీ విచారణ వేయించగలను."

"తిరిగాం, తిరిగాం. ఆ రోజు నేను రేవుకి వెళ్లాను, ఇంటి దగ్గర ఈయనే ఉన్నారు. పెద్ద గొడవే పెట్టుకున్నారట. నాతో చెప్పారు. ఏమండీ?"

"ఊఁ."

"ఊఁ అంటే కాదు, సారుకి చెప్పండి."

"చెప్పావుగా నువ్వు."

"హద్దు వేయించిన మేస్త్రీ వరండాలోనే ఉన్నాడు. పిలిచి ఒక్క మాట అడిగి రాసేసుకుంటాను."

"పిలవండి సార్. హమ్మయ్య. పిలవండి."

"వద్దు సార్. పిలవకండి."

"ఎందుకొద్దు? ఏమండీ, ఇటు చూడండి. గొడవ పెట్టుకున్నానన్నారు కదా నాతో?"

"పెట్టుకుందామనే వెళ్లాను."

"వెళ్లి?"

"హద్దు గీయడానికి వాళ్లు పట్టిన తాడు వదులుగా ఉంది. పాత తాడు. మధ్యలో వేలాడుతోంది. హద్దు వంకర పోతోంది."

"పోతే పోనీ. మీకెందుకు?"

"చూడలేకపోయానే. మన తాడు తెచ్చి, రెండో కొస నేనే బిగించి పట్టుకున్నాను."