జెర్వాస్ తాత నెత్తిన రాయి

అలా పడుకుని ఊరుకుంటే ఎలా తాతా? ఒక్క తిట్టన్నా తిట్టొచ్చుగా! మీ క్వేకరు మతంవాళ్లంతా ఇంతే. ప్రార్థనలో కూర్చున్నా నోరు మెదపరు. మీరలా మెదపకపోబట్టే కదూ నా పరువు పోయింది!

నేనేం చేశాననీ? ఏళ్ల తరబడి రికార్డు ఆఫీసుల్లో దుమ్ము మింగి నిన్ను పట్టుకున్నాను. జెర్వాస్ థ్వైట్, ఉన్ని నేసేవాడు, మా అమ్మకి ఏడు తరాల పైవాడు. తీరా ఈ ప్రార్థన ఇంటి వెనక్కొచ్చి చూస్తే ఏముందీ? గడ్డి! ఇంతమందిని పాతిపెట్టి ఒక్కరికీ గుర్తురాయి లేదు. గొప్పాళ్లూ బీదాళ్లూ మట్టిలో ఒకటేనట. నా ప్రాణం ఉసూరుమంది.

అందుకే ఈ ప్రార్థన ఇంటివాళ్ల మీటింగులో లేచి అడిగాను, తాతకి రాయి వేయిస్తానని. అందరూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. కాదన్నవాళ్లు లేరు. సరేనన్నట్టే కదా అనుకున్నాను. మీరు ఓట్లెయ్యరనీ, అందరి మనసూ ఒకటయ్యేదాకా అలా కూర్చుంటూనే ఉంటారనీ నాకేం తెలుసు? లారీలో రాయి దింపించేశాను.

చూడు, ఈ గుడ్డ కింద నిలువెత్తు నల్లరాయి. బంగారు అక్షరాలు. 'గౌరవనీయులు శ్రీ జెర్వాస్ థ్వైట్ గారు'! నవ్వుతున్నావా? నవ్వు. మనుషులంతా ఒకటేనని జడ్జీ ఎదుట టోపీ తియ్యనన్నావు. ఆయన్ని పట్టుకుని 'నువ్వు' అన్నావు. నీకేమో నేను గారు తగిలించాను.

కింద నా పేరు కూడా ఉందిలే. 'వెతికి పట్టినది వినిఫ్రెడ్'. చిన్నక్షరాలేం కాదు. నీ పేరు కంటే పెద్దవే. అమ్మ పోయాక నన్ను విన్నీ అని పిలిచే దిక్కు లేదు తాతా. రాయి మీదన్నా ఉండనీ అనుకున్నాను. ఛీ, చెప్పుకుంటే సిగ్గేస్తోంది.

పొద్దున హెస్టర్ పిలిచింది, ఇక్కడి పెద్దావిడ. అరిచిందా? లేదే! టీ ఇచ్చింది. "విన్నీ, ఆ రాయి నీడ పక్కవాళ్ల మీద పడుతోందేమో" అంది. అంతే. చెంప మీద కొట్టినా బాగుండేది.

రేపేమో పెన్సిల్వేనియా నుంచి చుట్టాలు దిగుతున్నారు, ఆ రాయి మీద గుడ్డ తీసి చప్పట్లు కొట్టడానికి! పీకిస్తే వాళ్ల ముందు తలెత్తుకోలేను. ఉంచితే నీ ముందు. పోనీలే, మేస్త్రీకి ఫోన్ చేశాను. పొద్దున్నే వచ్చి పీకేస్తాడు. వాళ్లకి గడ్డే చూపిస్తాను.

అసలు సిగ్గు అది కాదు తాతా.

హెస్టర్ ఇంకో మాట అడిగింది. "రాయి గురించి వచ్చే నెల మళ్లీ కూర్చుందామని ఆ రోజు మీటింగు చివర్లో అన్నాంగా, నీకు వినపడలేదా?"

వినపడింది. శుభ్రంగా వినపడింది. అప్పటికే చుట్టాలు టిక్కెట్లు కొనేశారు, ఎలా ఆగను? నాకేం తెలుసు అని ఇందాక నీతో అన్నదీ అబద్ధమే. కానీ ఆవిడతో గబుక్కున ఏమన్నానో తెలుసా?

"ఒట్టు హెస్టర్, వినపడలేదు."

ఒట్టు! మీ ప్రార్థన ఇంట్లో కూర్చుని! బైబిలు మీద ఒట్టెయ్యను, నా మాట చాలు అన్నందుకే కదూ నిన్ను కోట జైల్లో పెట్టి, శవంగా పంపించారు?

రాయైతే మేస్త్రీ పట్టుకుపోతాడు. ఆ ఒట్టు ఎవరు పట్టుకుపోతారు తాతా?