గ్రేస్ వాకిట్లో కుళాయి

ఏంటండీ పాస్టరమ్మగారూ, మీరు కూడా ఆ ఫెబీ మాటే ఎత్తుతారు? మూడు ఆదివారాలు చర్చికి రాలేదని నన్ను చూడ్డానికి వచ్చారు, సంతోషం. వచ్చి టీ అయినా తాగకుండానే ఫెబీ ఎంత బాగా చెప్పింది, ఫెబీ ఎంత కష్టపడుతోంది అంటే నేనేం చెయ్యాలి?

కూర్చోండి, కూర్చోండి. కోపం మీ మీద కాదు.

అమెరికాలో ఈ మోరిస్‌విల్‌లో మన తెలుగు చర్చి పెట్టినప్పటి నుంచి ఆఫ్రికాలోని కంపాలా అంటే ఎవరు గుర్తొచ్చేవారు? ఈ కరుణమ్మే కదా. మా ఆయన అక్కడ పైపుల కంపెనీలో చేసిన ఐదేళ్ళూ నేనూ అక్కడే ఉన్నాను. ఏటా మిషన్ సండే నాడు మైకు నాకే ఇచ్చేవారు. ఆ ఊరు ఎలా పెరిగిపోతోందో, కొండ వాలంతా రేకుల గదులు ఎలా లేస్తున్నాయో, ఆడవాళ్ళు పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలు పట్టుకుని నీళ్ళకి ఎంత దూరం నడుస్తారో నేను చెబుతుంటే మీరు కళ్ళు తుడుచుకునేవారు. లేదంటారా?

ఇప్పుడు ఫెబీ వచ్చింది. కంపాలాకి ఒక్క పది రోజులు వెళ్ళొచ్చి చర్చిలో స్లైడ్స్ వేసింది. వాళ్ళ భాషలో పాట కూడా పాడింది. ఐదేళ్ళున్న నాకు ఒక్క పాట రాదు, ఒప్పుకుంటాను. కూరగాయల బేరానికి సరిపడా వచ్చు, అంతే.

పాటకి కాదండీ నాకు మండింది. గ్రేస్ దగ్గర. అక్కడ మా ఇంట్లో పనిచేసిన మనిషి, మా పిల్లల్ని ఎత్తుకు తిరిగిన మనిషి. ఆవిణ్ణి ఫెబీకి పరిచయం చేసిందే నేను. నంబరిచ్చిందీ నేనే. ఆ స్లైడ్‌లో చూస్తే ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని నిలబడ్డారు. 'గ్రేస్ నన్ను సిస్టర్ అంటుంది' అని మైకులో చెప్పింది. నన్ను ఐదేళ్ళూ మేడం అనే పిలిచిందండీ. నేనూ వద్దనలేదు, నిజమే. కానీ ఆ పూట నాకు అన్నం సహించలేదు.

సరే, కుళాయి సంగతికి వస్తాను. గ్రేస్ ఉండేది పది అద్దె గదుల వరసలో. మన చందాతో ఆ గదుల వాకిట్లోనే కుళాయి వేయిద్దామని ఫెబీ ప్లాన్. గ్రేస్‌కి నడిచే బాధ తప్పుతుందంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మీటింగ్‌లో మీరు నా పక్కనే ఉన్నారు, గుర్తుందా?

పాస్టరుగారు నావైపు తిరిగి, అక్కడ ఉన్నవారు కదా, మీరేమంటారని అడిగారు. 'ఫెబీకి అన్నీ తెలుసు కదండీ' అన్నాను. అని, లేచి వెళ్ళి బిర్యానీ ట్రేల మూతలు తీశాను. కరుణమ్మ ఎంత వినయంగా ఉంటుందో అని మీరెవరితోనో అన్నారు కూడా.

నాకు తెలుసండీ. అప్పుడే తెలుసు. ఆ ఊళ్ళో అద్దె వాకిట్లోకి నీళ్ళొస్తే ఇంటాయన అద్దె పెంచేస్తాడు. కట్టలేనివాళ్ళని పొమ్మని, ఆఫీసు ఉద్యోగస్తుల్ని తెచ్చి పెడతాడు. మా వీధి వెనకే రెండు వరసలు అలా ఖాళీ కావడం కళ్ళారా చూశాను. కుళాయి వెయ్యాల్సింది రోడ్డు పక్కన, ఏ ఇంటాయనదీ కాని చోట. లేదా అద్దె పెంచనని ముందే కాగితం రాయించుకోవాలి. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నాకెంతసేపు పట్టేది?

నోటిదాకా వచ్చింది, మింగేశాను. చెబితే పని బాగుపడేది, పేరు మాత్రం ఫెబీకి వచ్చేది.

ఇదిగో, చదవండి. గ్రేస్ పెట్టిన మెసేజ్, మూడు వారాలైంది. వాకిట్లో కుళాయి పడ్డాక ఇంటాయన అద్దె పెంచి, కట్టలేకపోతే పొమ్మన్నాడట. పిల్లల్ని తీసుకుని ఊరి చివరకి వెళ్ళిపోయింది. ఇప్పుడు నీళ్ళకి మునుపటికి రెట్టింపు నడక. మన చర్చి పేరున్న కుళాయి దగ్గర ఎవరో కొత్తవాళ్ళు బట్టలుతుక్కుంటున్నారట. కింద ఏం రాసిందో చూశారా? సిస్టర్ ఫెబీకి చెప్పొద్దు, బాధపడుతుంది అని. నేను బాధపడతానని ఆవిడకి తోచనే లేదు.

వద్దండీ, అప్పుడే కళ్ళు మూయకండి. ప్రార్థన తర్వాత చేద్దురుగాని. ముందు ఇది వినండి.

అది చదవగానే నాకు ఏడుపు రాలేదు. సంతోషమేసింది. బాగా అయింది ఆ పిల్లకి, అనుకున్నాను. గ్రేస్ ఆ చివరన ఎలా ఉందో అన్న ఆలోచన మర్నాడెప్పుడో వచ్చింది.

ఈ ఆదివారం ఫెబీ రెండో కుళాయికి చందా ఎత్తుతుందంటున్నారు. అదీ ఇంకో అద్దె వాకిట్లోనే. ఆపాలి కదా? నేను లేచి నాలుగు మాటలు చెబితే ఆగిపోతుంది. చెప్పాలనే ఉంది. గిన్నెలు తోముతూ రోజూ ఆ మాటలే కూర్చుకుంటున్నాను. కానీ ఎన్నిసార్లు కూర్చుకున్నా అందులోకి గ్రేస్ రాదండీ. అందరి ముందూ ఫెబీ ముఖం మాడిపోవడమే వస్తుంది. అది చూడాలని ఉంది నాకు. చర్చికి రానిది అందుకే.

ఫోన్ మీరు తీసుకెళ్ళండి. ఫెబీకి మీరే చూపించండి, నలుగురిలో కాదు, వాళ్ళింటికెళ్ళి. నన్ను మాత్రం రమ్మనకండి. వస్తే ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఓదారుస్తాను, ఓదారుస్తూనే లోపల సంబరపడతాను.