తప్పిన దెబ్బ

భయమా? నాకెందుకే భయం, బుజ్జీ! తాతయ్యకి తుంటి ఎముక విరిగిందిగానీ బుర్ర విరగలేదు. ఆ మత్తు డాక్టరు ఇందాక వచ్చి, కట్టుడు పళ్ళున్నాయా, మెట్లెక్కితే ఆయాసమొస్తుందా అని, ఇంట్లోకి అద్దెకి దిగేవాణ్ణి ఆరా తీసినట్టు తీశాడు కదా. ఆ తర్వాత గుండె మీద గొట్టం పెట్టి ఒక్క క్షణం ఆగాడు, చూశావూ? అప్పుడు మా బావ గుర్తొచ్చాడు. మా అక్క మొగుడు. మీ అమ్మ పుట్టకముందే పోయాడులే. బ్యాండులో డ్రమ్ము వాయించేవాడు. మనిషి బక్కపలచన, మీసం మాత్రం ఇద్దరికి సరిపడా. నేనప్పుడు కాలేజీలో బాటనీ... అదో గోల, వదిలెయ్. ఆయనకి కడుపులో గడ్డ. కోయకపోతే బతకడు, కోద్దామంటే గుండె మధ్యమధ్యలో ఒక దెబ్బ తప్పుతోందన్నారు. ఆ సంగతి బావకి డాక్టర్లకన్నా ముందే తెలుసు. తాళం తప్పితే వాయించేవాడికి తెలీదూ? తప్పిన చోటల్లా చూపుడువేలితో దేనిమీదో ఒకదానిమీద టక్కుమని కొట్టేవాడు. కంచం మీద, కిటికీ ఊచ మీద, మాట్లాడుతూ మాట్లాడుతూనే. "నేను పూరిస్తున్నా కాబట్టి నడుస్తోందిరా బామ్మర్దీ. మత్తిస్తే ఎవడు కొడతాడు?" అనేవాడు. "చాల్లెండి సంబడం! రోజూ నిద్రపోతారు కదా, అప్పుడెవరు కొడుతున్నారట?" అని అక్క నవ్వింది. బావ నవ్వలేదు. "నువ్వే. నా వీపు మీద. నీకు తెలీదంతే" అన్నాడు.

ఆపరేషన్ గదిలోకి తోసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని, "బయట కూర్చుని కొట్టరా" అన్నాడు. సైన్సు చదివినవాణ్ణి, సరేనని లోపల నవ్వుకున్నా. గది బయట చెక్క బల్ల. ఓ పక్క అక్క, ఓ పక్క నేను. ఆయన గుండె ఎప్పుడు తప్పుతుందో నాకెలా తెలుస్తుంది, చెప్పు? ఊరికే కూర్చున్నా. కాసేపటికి వేలు లేచింది. నేను లేపలేదు తల్లీ. టక్. అదే క్షణాన అక్క వేలూ టక్. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. తర్వాత తర్వాత ఊపిరి తిప్పుకోనివ్వకుండా... నా గోరు చిట్లి నెత్తురొచ్చింది, అయినా ఆగదే! బతికాడు. కళ్ళు తెరిచి ముందు నా గోరే చూశాడు. "పాపం, నీకు చాలా పని పడిందిరా" అన్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళు నిక్షేపంలా వాయించాడు. నాకు జ్వరమొచ్చిందని అక్క మా ఇంట్లో పడుకున్న రాత్రి, నిద్రలోనే పోయాడు.

నాదేముందే, గట్టి గుండె. ఆ డాక్టరు ఏదో ఆలోచిస్తూ ఆగుంటాడు. ఏదీ, ఆ కాయితం ఇటివ్వు, సంతకం... అవునుగానీ, ఇందాకట్నించీ ఆ మంచం ఊచ మీద ఎందుకలా కొడుతున్నావు?

వద్దు వద్దు. ఆపకు.