జంపక్క మోసుకొచ్చిన చిక్కుడుకాయ

కూసో సారూ, కూసో. గా కుర్చీ వద్దు, దాని నాలుగు కాళ్లల్ల మూడింటినే నమ్మొచ్చు, గీ మంచం మీద కూసో. సంతకమే గదా, పెడ్త. సంతకం కాడ మాత్రం నన్ను తొందర పెట్టొద్దు. ఊళ్లె నా ఈడోళ్లంత వేలిముద్ర గాళ్లు, నేనొక్కన్నే సంతకం చేసెటోన్ని. పగిడయ్య అని రాసి, కింద ఒక గీత గీసి, గా గీత కొసకు తేలు తోకోలె ఒక వంపు తిప్పుత. గది గర్వమని మా కోడలంటది. గర్వం గాదు, కాయితానికి మనమిచ్చే మర్యాద. ఒకసారి రేషన్ షాపుల గా తోక పోయి కింది వరసల సీతయ్య పేరును కొట్టేసినట్టయింది, నెలరోజులు వానికి బియ్యం రాలే, నన్ను తిట్టని తిట్టు లేదు. అయినా మర్యాద మర్యాదే. ఏది, కాయితం ఇటియ్యి. "విద్యార్థిని పేరు పుష్పలత. తరగతి ఐదు. సంరక్షకుని సంతకం." సదివిన్నా లేదా? ఒక్క ఏడాదే సదివి ఇడిసిపెట్టినోన్ని సారూ, మిగిలిన సదువంత బస్సు బోర్డుల మీదనే. ఇల్లందు, జూలూరుపాడు, గవే నా వాచకాలు. ఊర్ల పేర్లయితె గడగడ సదువుత, వేరే మాటొస్తె బ్రేకు పడ్తది.

ఎప్పటిలోపల ఇయ్యాలె ఇది? ఐదింటికా, భద్రాచలంలనా? ఇప్పుడు మూడన్న కాలేదు, నీ బండికి గంట చాలు. ఉండు, గా మేకపిల్ల తడిక సందుల తలకాయ పెట్టింది, తీసొస్త... ఆఁ, ఏం చెప్తున్న? మా రమణ. వారం కింద ఫోన్ చేసిండు. మొగుడు పెండ్లాలిద్దరు ముదిగొండ దిక్కు మిరపకాయ కోతకు పోయిన్రు గదా, ఆడికెల్లి చేసిండు. "నాయినా, ఇంటికి పెద్దోనివి నువ్వు, పిల్లను గురుకులానికి పంపుదమా వద్దా, నువ్వెట్లంటె గట్ల" అన్నడు. గింత తెలివి వానికి ఏడికెల్లొచ్చిందో. మంచైతె మా బిడ్డ సదువుకున్నది అంటడు, చెడైతె ముసలోడు పంపిండు అంటడు. నేనేమో వారం సంది బీడీలు ముట్టిస్తున్న, ఆర్పుతున్న. నవ్వకు సారూ. మెల్లగ మాట్లాడు, లోపల పిల్ల బియ్యం చెరుగుతంది. ఇనబడ్తందా చాట సప్పుడు?

ఫోనొచ్చిన దినమే బువ్వ తినుకుంట పిల్ల ఒక మాట అడిగింది నన్ను. "తాతా, మనం కొత్తలు చేసుకోకముందే గురుకులంల చిక్కుడుకాయ కూర పెడితె తినాల్నా, వద్దా?" నేనేం చెప్పిన్నంటవా? బర్రెకు నీళ్లు పెట్టాలె అని లేసి బయటికొచ్చిన. మాకు బర్రె లేదు సారూ, పోయినేడే అమ్మినం. నువ్వు మధిర దిక్కోనివి, నీకు గిది చిన్న సంగతి ఓలె కొడ్తది. మా కోయోళ్లల్ల చిక్కుడుకాయ గానీ మామిడికాయ గానీ, ఆ ఏటికి కొత్తగ కాసిందాన్ని పండుగ చెయ్యంది నోట్లె పెట్టం. ముందుగాల పోయిన పెద్దలకు పెట్టాలె, ఎన్క ఇంట్ల ఉన్నోళ్లంత కలిసి తినాలె. గవే కొత్తలు. పిల్ల అడిగిందాంట్ల తప్పు లేదు. నాకే జంపక్క యాదికొచ్చి బువ్వ దిగలే.

జంపక్క అంటె మా నాయనమ్మ. నాయనమ్మా అని పిలిస్తె "ఎవర్రా ఆడ ముసలిది?" అని ఎన్కకు తిరిగి చూసేది, గందుకని మేం గూడ ఊరోళ్లతోని పాటు జంపక్కనే అన్నం. చెవి మీద చుట్ట, నడుముకు కొడవలి, మనిషి నిటారుగ వెదురు బొంగోలె ఉండేది. గప్పుడు మా ఇంట్ల పదకొండుమందిమి, ఒకటే పొయ్యి. ఒకనాడు ఆశ్రమ బడి సారు ఊళ్లెకొచ్చి, ఇంటికొక పిల్లగాన్ని బడికియ్యుండ్రి అని అడిగిండు. నాకు తొమ్మిదేండ్లు. మా బాపు ససేమిరా అన్నడు. "వీన్ని పంపితె పశువులెవరు కాస్తరు?" జంపక్క చుట్ట తీసి అన్నది, "వీడు కాసిన దినం మనం పశువుల్ని వెతుకుతున్నం, వీన్ని వెతుకుతున్నం. వీడు బడికి పోతె ఒక్క పశువుల్నే వెతుక్కోవచ్చు." గట్ల వచ్చింది నాకు సీటు. పుష్పలతకు పరీక్ష రాస్తె వచ్చింది, నాకు దూడ తప్పిపోతె వచ్చింది. పోయేటప్పుడు సారుకు ఒకటే మాట చెప్పింది జంపక్క. "కొట్టుకో, తిట్టుకో, నీ ఇష్టం. కొత్తలకు మాత్రం పిల్లగాన్ని ఇంటికి పంపాలె, అప్పటిదాక కొత్తది పెట్టొద్దు." సారు "గట్లనే అవ్వా" అన్నడు. సార్లు గట్లనే అంటరు గదా. నిన్ను గాదులే, కూసో.

రెండు వాగులు దాటితె బడి. ఆడ వంటాయన బాబూరావు, పొట్టిగ, గుండ్రంగ, బొగ్గు బస్తాకు చేతులు మొలిచినట్టుండేటోడు. చలికాలం రాంగనే ఒకదినం తలెంల చిక్కుడుకాయ కూర పడ్డది. అబద్ధమెందుకు, జంపక్క యాదికొచ్చింది. కండ్ల ముంగట వచ్చి నిలబడ్డది. ఆమె నిలబడే ఉన్నది, నేను తింటనే ఉన్న. తిని, మల్లా కొంచెం పెట్టుమని తలెం పట్టుకోని లేసిన. "ఏరా, గంత ఇష్టమా?" అన్నడు బాబూరావు. తలకాయ ఊపిన. గా బడిల తప్పు పోకుంట నేను చెప్పిన మొదటి జవాబు గదే.

ఇగ ఇంటికాడ కొత్తలొచ్చినయి. నాకు సెలవు రాలే, పరీక్షలన్నరు. ఊరంత చేసుకున్నది, మా ఇల్లు చెయ్యలే. పిల్లగాడు రాంది ఎవరు ముట్టొద్దన్నదట జంపక్క. గా ఏడు మా ఇంటి మీద చిక్కుడు తీగ ఎట్ల కాసిందంటె కప్పే కనబడలేదట. మా చిన్నమ్మ కడుపుతోని ఉన్నది, గా తీగ దిక్కు చూసుకుంట గుటకలు మింగేదట. మా బాపు ఒర్లిండట, "ఒక్కని కోసం పదిమంది నోర్లు కట్టేస్తవానే?" అని. జంపక్క అన్నదట, "ఒకని కోసం పదిమంది ఆగితె గది ఇల్లురా. ఎవని ఆకలికి వాడు తింటె గది హోటలు." ఆమె హోటలు చూసింది బతుకుల ఒక్కసారే, భద్రాచలంల, అది గూడ బయటికెల్లి. మూడు వారాలు ఆగిన్రు సారూ. బాబూరావు గా మూడు వారాలు గదే కూర వండిండు, నేను గదే తిన్న.

ఇగ ఆగలేక ఒకనాడు జంపక్కనే బయలెల్లింది. కొంగుల చిక్కుడుకాయలు, నెత్తి మీద పగిలిన కుండ. కుండల ఏమున్నదో చెప్పు? నిప్పు. మా ఇంటి పొయ్యిల నిప్పు, పిడక మీద పెట్టుకోని, ఆడాడ దించి ఊదుకుంట రెండు వాగులు దాటించింది. కొత్తలు ఇంటి పొయ్యి మీదనే వండాలె గదా, పొయ్యి నడిచి రాదు, గందుకని నిప్పును తెచ్చింది. బడి కంచె బయట మూడు రాళ్లు పెట్టి వండింది. మోదుగాకుల పోయినోళ్లందరికి పేరు పేరున పెట్టింది. ఎన్క నా ముంగట ఇంకో ఆకు పెట్టి, "తిను. నువ్వు తిన్నవని నేను పోయి చెప్తె ఆడ ఆల్లు తింటరు" అన్నది. సరిగ్గ గప్పుడే బాబూరావు బీడీ ముట్టించుకుందమని మా నిప్పు కాడికొచ్చిండు. వచ్చినోడు ఊకె ఉంటడా? "ఏందవ్వా, గింత దూరం చిక్కుడుకాయ మోసుకొచ్చినవా? మా కాడ వారం వారం గదే కూర!" నా పాణం ఆడికాడికే పోయింది. జంపక్క తలకాయ గూడ తిప్పలే. "మావాడు తినడు" అన్నది. గంతే. బాబూరావు నన్ను చూసిండు, నా బుగ్గలు చూసిండు, గుండీలు పడక తెరుసుకున్న నా అంగిని చూసిండు. బీడీ ముట్టించుకోని, "అవ్ అవ్వా, వీడు తినడు. ఎంత బతిమిలాడినా పప్పుచారే తాగుతడు" అన్నడు. "గందుకే బక్కగైండు" అన్నది జంపక్క, నా అంగి గుండీలు సదురుకుంట. గవి పడలే సారూ, ఎంత గుంజినా పడలే. తెల్సి అన్నదో, తెల్వక అన్నదో, యాభై తొమ్మిదేండ్ల సంది గదే ఆలోచిస్తున్న. కాయలు ముదిరి వట్టి నార. నమిలిన. ఆమె ముట్టలే, ఇంట్ల ఆల్లతోని తింట అని గా కుండ నెత్తిన పెట్టుకోని ఎనుకకు నడిసింది.

ఎండకాలం సెలవులకు వచ్చినోన్ని మల్ల పోలే. సారు కొడ్తున్నడని చెప్పిన. గా సారు పాపం బల్ల మీది ఈగను గూడ కొట్టినోడు గాదు. ఏం చెయ్యను మరి, మల్ల చలికాలం వస్తది, మల్ల ఆమె నిప్పు మోసుకోని వస్తది, నేను మల్ల కొత్తగ తిన్నట్టు నమలాలె. జంపక్క నమ్మింది. "పొయ్యిని ఇడిపించి పిల్లగాన్ని పంపిన, తప్పు నాదే" అని నెత్తి కొట్టుకున్నది. ఇగ ఇంట్లకెల్లి ఎవర్ని బడికి పంపలే. మా చెల్లె ఉన్నది గదా, వాగొడ్డు ఇంట్ల ఉంటది, ఎరుకేనా? దానికి నా కంటె పదింతల తెలివి. నేను పోతా నేను పోతా అని తలుపు పట్టుకోని ఏడ్చింది. జంపక్క ఒప్పుకోలే. మా చెల్లె ఇయ్యాల్టికి వేలిముద్రే సారూ. నేను సంతకం పెడ్తుంటె నా దిక్కు చూడది. చెల్లె ఉన్నకాడ నేను గా తోక తిప్పను.

జంపక్క ఆ ఎన్క తొమ్మిదేండ్లు బతికింది. ప్రతి కొత్తలకు, పెద్దలకు పెట్టినంక ముందు నా ఆకులనే పెట్టేది. చెప్పొచ్చు. "నేను తిన్ననే, సారు కొట్టలేదే, చెల్లెను పంపే." గింతే గదా? కానీ ఎప్పుడు చూసినా నోట్లె చిక్కుడుకాయ ఉండె.

పెన్నియ్యి సారూ. ఇప్పుడు గీ పిల్లకు తినొద్దని చెప్పిననుకో, అది నా మనుమరాలే గదా, తింటది. తిని దాస్తది. దాచలేక తిరిగొస్తది. నేనే తొవ్వ చూపినట్టయితది. తినుమంటె మరి ఆనాడు పదిమంది ఎందుకాగినట్టు? నాకు తెల్సు ఏం చెప్పాల్నో. మేమిక్కడ ఆగుతం, నువ్వాడ తిను బిడ్డా, తిన్ననని చెప్పు, ఎవరేమనరు. గదే చెప్పాలె. వారం సంది పొద్దున లేస్తనే గదే అనుకుంటున్న. ఇగో, పెట్టిన. తోక ఏదంటవా? ఇయ్యాల వద్దులే, గీతతోని సరిపాయె. మడత పెట్టి జేబుల పెట్టుకో, వాగు కాడ తొవ్వంత గుంతలున్నయి, జెర చూసుకోని పో.

సారూ... చాట సప్పుడు ఇనబడ్తలేదు గదా? ఎప్పుడాగింది? నువ్వు ఇన్నవా? సరే, నువ్వు బయలెల్లు. నేను లోపలికి పోయి చెప్త. పోతున్న. లేస్తున్న. చెయ్యి వద్దు సారూ, మోకాళ్లు మంచిగనే ఉన్నయి. తిను బిడ్డా అని ఒక్క మాట. అరవై ఎనిమిదేండ్లొచ్చినయి, గది చెప్పుడు నాకింకా రాలే.