సడన్ అంటే ఒక్కసారిగా

పైపు పగిలి మిషన్లన్నీ పాడైన కుట్టు దుకాణంలో తల్లీకూతుళ్లు కూర్చున్నారు. మర్నాడు ఇన్సూరెన్స్ ఆఫీసుకు వెళ్లాలి.

“అమ్మా! కస్టమర్ కోటు మీద ‘గ్రాడ్యువల్’ అని రాశావేంటి?”

“సుద్దేలేవే, దులిపితే పోతుంది. చేత్తో కుట్టేటప్పుడు కళ్ల ముందుంటేనే నాకు మాట ఎక్కుతుంది. అర్థం మళ్లీ చెప్పు.”

“కొద్దికొద్దిగా. పైపు నెలల తరబడి కారుతుంటే నువ్వు పట్టించుకోలేదట. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ ఇవ్వరట.”

“నేనా? ఒక్క చొక్కా ఇస్త్రీ చేసేలోపు దుకాణమంతా నీళ్లు! దాన్నేమంటారు?”

“సడన్. ఒక్కసారిగా జరిగితే ఇచ్చి తీరాలి, పాలసీలోనే ఉంది.”

“సడన్. కోటు రెండో చేతి మీద రాయి.”

“ఎందుకమ్మా ఈ తిప్పలు? రేపు నేనొచ్చి ఇంగ్లీషులో గడగడా మాట్లాడేస్తాగా.”

“పోయినసారి ఆ ఆఫీసులో మీ నాన్న అలాగే మాట్లాడాడు. నేను బొమ్మలా కూర్చున్నా. నన్నొక్క మాటా అడగలేదు వాళ్లు.”

“తప్పులొస్తే నవ్వుతారమ్మా.”

“నవ్వనీ. పైపు పగిలినప్పుడు నువ్వెక్కడున్నావ్?”

“ఆఫీసులో.”

“మీ నాన్న?”

“ఊళ్లోనే లేడు.”

“మరి నవ్వడం అయ్యాక నేను చెప్పిందే రాసుకోమను. అక్కడ నిలబడి తడిసింది నేను.”